ఊదంగ ఊదంగ

అధికారి టిఫిన్ క్యారియర్ మూత తియ్యగానే అందరూ లేచి రేకుల షెడ్డు బయటకు వచ్చేశారు. వీరలక్ష్మి కూడా వచ్చింది. వచ్చి ఎక్కడ నిలబడాలో తెలియక నీడలో నిలబడితే అక్కడ క్వారీ మనుషులు బీడీలు కాలుస్తున్నారు, పొగకి ఎండలోకి జరిగితే నానక్‌రామ్‌గూడ బండలన్నీ ఒక్కసారే కళ్ళలోకి కొట్టాయి, మళ్ళీ నీడలోకి, మళ్ళీ ఎండలోకి. లోపల టైపు మిషను చప్పుడు ఆగలేదు. గుమాస్తా అన్నానికి లేవలేదు కాబోలు. పొద్దుటినుంచీ తను ఇంగ్లీషులో చెప్పిన వాక్యాలన్నీ అతని వేళ్ళ కింద ఒక్కొక్కటే నల్లగా గట్టిపడిపోతున్నాయి. భోజనం అయ్యాక వాటిని చదివి వినిపిస్తారు, రుక్కమ్మ వేలిముద్ర వేస్తుంది, తన పని అయిపోతుంది, చలపతిరావు గారి జీపు తనని లింగంపల్లిలో ఇంటి ముందు దింపేస్తుంది. అంతే కదా. మరి కాలు ఒకచోట నిలవదేం? అన్నంలో రాయి పంటికి తగిలి, ఉమ్మేద్దామని చూస్తే కనబడనట్టు, ఎక్కడో ఏదో ఉంది. ఏ వాక్యంలో? ఆమె మళ్ళీ మొదటినుంచీ వెతుక్కుంటూ సీతాఫలం పొదల దాకా నడిచి, అక్కడ ఏమీ లేదు కనుక వెనక్కి తిరిగింది.

నీ పేరేమిటి. రుక్కమ్మ. చనిపోయిన రామన్న నీకేమవుతాడు. నా పెనిమిటి. మైనేమ్ ఈజ్, హి వాజ్ మై హజ్బెండ్. అక్కడేమీ లేదు. అవన్నీ ఆరో తరగతి వాక్యాలు. ఈ క్వారీలో రామన్న బండకు బొక్కలు కొట్టేవాడు, పోచయ్య ఆ బొక్కల్లో మందు కూరి ఒత్తి ముట్టించేవాడు, ముట్టించే ముందు ఈల ఊదేవాడు, ఈల వినగానే అందరూ దిగిపోవాలి. కిందటి నెల ఒక పగటిపూట అందరూ దిగారు, రామన్న దిగలేదు. బండతో పాటే పోయాడు. ఈల ఊదకుండా ముట్టించాడనీ, ముట్టించాక గుర్తొచ్చి ఊదాడనీ పోచయ్య మీద ఫిర్యాదు. మిగతావాళ్ళందరూ మాకు తెల్వదు, మేం చూడలే అని తల దించుకుని వెళ్ళిపోయారు. చూశానన్నది రుక్కమ్మ ఒక్కతే. విచారణకు వచ్చిన అధికారి మద్రాసు వైపు మనిషి. తెలుగు రాదు, ఉర్దూ అసలే రాదు. రుక్కమ్మకు ఇంగ్లీషు రాదు. నడుమ ఒక మనిషి కావాలి. లింగంపల్లి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే అమ్మాయి మనవాళ్ళమ్మాయే ఉందిగా అని క్వారీ కాంట్రాక్టరు చలపతిరావు గారే అన్నారు. తన భర్త శ్రీనివాసరావు కాదనలేదు. తనూ కాదనలేదు. నిజం చెప్పాలంటే సంతోషపడింది కూడా. మూడేళ్ళుగా పిల్లల చేత సింపుల్ పాస్టు, పాస్ట్ పర్‌ఫెక్టు అని పాడించడమే కాని తన ఇంగ్లీషు ఒక పెద్ద మనిషి ముందు, ఒక పనికోసం, ఎప్పుడు మాట్లాడింది?

పోచయ్య దూరంగా ఒక బండ మీద కూర్చున్నాడు. కుడి చెయ్యి మోచేతి దాకా కట్టు. ఎవరూ అతని దగ్గరికి పోవడం లేదు, అతనూ ఎవరివైపూ చూడడం లేదు. ఆ చెయ్యి ఎందుకు కాలింది? ఒత్తి ముట్టించినవాడు పక్కకు తప్పుకోవాలిగా, ముందు తప్పుకునేది వాడేగా. అధికారి ఆ ప్రశ్న అడగలేదు. తను అడగడానికి లేదు, తను ప్రశ్నలు వేసే మనిషి కాదు, నీళ్ళు పోయే గొట్టంలాంటిది, ఇటు పోస్తే అటు రావాలి, అంతే. షార్ట్ సెంటెన్సెస్ ప్లీజ్ మేడమ్, అన్నాడు పొద్దున్నే అధికారి, విసుగ్గా కాదు, మర్యాదగానే. తనకది మెప్పులాగే వినపడింది. చిన్న వాక్యాలు. బోర్డు మీద రాసే వాక్యాలు. ది పేషెంట్ హ్యాడ్ డైడ్ బిఫోర్ ది డాక్టర్ కేమ్. డాక్టరు వచ్చేసరికే రోగి చనిపోయాడు. పిల్లలు ఎంత హుషారుగా అరుస్తారో ఆ వాక్యాన్ని, చచ్చిపోయిన రోగి మీద ఒక్కడికైనా జాలి ఉండదు. రెండు పనులు జరిగినప్పుడు ముందు జరిగినదానికి హ్యాడ్, తర్వాత జరిగినదానికి మామూలు భూతకాలం, నడుమ బిఫోర్ అని ఒక గుంజ. హఫీజ్‌పేట్ నుంచి వచ్చే భూలక్ష్మి అని ఒక పిల్ల లేచి, టీచర్, ముందేది ఎనకేది తారుమారైతే ఏమయితది, అని అడిగింది ఒకసారి. ఏమవుతుంది, మార్కు పోతుంది, అంది తను. క్లాసంతా నవ్వింది.

ఎండ. ఇంకా తింటున్నాడా ఆయన? లేదు, టైపు చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది, కాగితం మార్చాడు. ఎంతదాకా వచ్చి ఉంటాడు? ఒత్తి ముట్టించినప్పుడు నువ్వెక్కడున్నావు దాకానా? కింద, లారీ దగ్గర. ఐ వాజ్ నియర్ ది లారీ. అక్కడా ఏమీ లేదు. పేలుడు ఎప్పుడు జరిగింది అని అడిగాడాయన, అప్పుడు రుక్కమ్మ ఏడ్చింది, కొంగు నోట్లో కుక్కుకుని, ఆ కొంగులోంచే ఏదో అంది, షెడ్డులో రేకులు ఎండకి టప్‌టప్ మంటున్నాయి, చలపతిరావు గారు దగ్గారు, తను ఆ ఏడుపు పక్కన పెట్టి దానిలోని మాట ఏరుకుని చెప్పింది. ది బ్లాస్ట్ అక్కర్డ్ వెన్ హి బ్ల్యూ ది విజిల్. అతను ఈల ఊదినప్పుడు పేలుడు జరిగింది. అధికారి తలెత్తి, వెన్? అన్నాడు. వెన్, అంది తను. ఆయన రాసుకున్నాడు.

షెడ్డు వెనక టీ పొయ్యి దగ్గర సీతాబాయి గొంతు. క్వారీకి టీ కాసి పోసేది ఆమే. నీళ్ళ బిందెకోసం మొగుడు నర్సింహను పొద్దున్నుంచీ కేకలేస్తోంది. అతనెక్కడో చెట్టు కింద కునుకు తీసి ఇప్పుడు ఒళ్ళు విరుచుకుంటూ వస్తున్నాడు.

"ఏందయ్యా, పిలువంగ పిలువంగ ఇప్పుడొస్తున్నవా? గొంతు పోయింది నాకు!"

వీరలక్ష్మి నడుస్తున్నదల్లా ఆగింది. పిలువంగ పిలువంగ. పిలిచినప్పుడు వచ్చాడు అని కాదు. పిలిచి, పిలిచి, పిలుస్తూనే ఉండగా, చాలాసేపు పిలిచిన తర్వాత, అప్పుడు. అదీ పంటికి తగిలిన రాయి. రుక్కమ్మ కొంగులోంచి అన్న మాట ఇప్పుడు కొంగు తీసేసినట్టు చెవిలో పడింది. ఊదంగ ఊదంగ ఊదంగ, ఇగ అప్పుడు పేలిందమ్మా. మూడుసార్లు అంది. ఏడ్చే మనిషి ఒకే మాట పదిసార్లు అంటుందిలే అనుకుని తను రెండు కొట్టేసింది, కాంపోజిషను పుస్తకంలో ఎర్ర సిరాతో కొట్టేసినట్టు, పునరుక్తి దోషం అని. ఆ రెండింటిలోనే ఉంది కదా అంతా! ఊదినప్పుడు పేలితే ఊదడమూ పేలడమూ ఒక్క క్షణం, ఎవరూ తప్పుకునే వ్యవధి లేదు, ముట్టించాకే ఊదాడని రుజువు. ఊదంగ ఊదంగ పేలితే పేలేముందు ఎంతోసేపటినుంచీ ఊదుతూనే ఉన్నాడు. హి హ్యాడ్ బీన్ బ్లోయింగ్. హ్యాడ్, బీన్, బ్లోయింగ్, మూడు మాటలు, ఆ పక్కన ఫర్ ఎ లాంగ్ టైమ్, ఆ పక్కన బిఫోర్. అంత పొడుగు క్రియ ఎందుకు టీచర్ ఇంగ్లీషువాళ్ళకి అంటారు పిల్లలు. అందుకు. ఒక మనిషి ఊపిరి అంతా అందులో పట్టాలి. వాళ్ళ భాష నాకు తెలియదు, ఇక్కడివాళ్ళ మాట నాకు అందలేదు అని చెప్పుకోవచ్చా? చెప్పుకోవచ్చు. అందరూ నమ్ముతారు. కాని చెప్పగా చెప్పగా విన్నావు అనలేదూ అమ్మ, అడగగా అడగగా ఇచ్చారు అనదూ తను? కృష్ణ ఒడ్డున పుట్టిన నోటిలో కూడా ఆ మాట ఉంది. తెలియక కాదు. వినలేదు.

అమ్మ. అమ్మ ఎందుకు ఇప్పుడు. రేపల్లె నుంచి తంతి వచ్చినప్పుడు తను వంకాయలు తరుగుతోంది. మదర్ సీరియస్ స్టార్ట్. మూడే ముక్కలు, ఒక్క క్రియ, అదీ తనకి ఆజ్ఞ. వంకాయలు నీళ్ళలో అలాగే వదిలేసి బయల్దేరింది. రైల్లో ఒక సీటులో కుదురుగా కూర్చోలేక తలుపు దగ్గరే నిలబడింది, కృష్ణ బ్రిడ్జి మీద రైలు నెమ్మదించినప్పుడు గుప్పిట్లో పట్టుకున్న నాణెం నదిలోకి విసిరి, తల్లీ మా అమ్మకి నయం చెయ్యి అని మొక్కుకుంది, పక్కనున్న ముసలాయన కూడా చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు ఆమె కోసం. ఇంటికి వెళితే వాకిలి కడిగేసి ఉంది. పుణ్యవతమ్మ నిన్ననే పోయిందమ్మా, తంతి ఇచ్చేటప్పటికే పోయింది, పోయిందని రాస్తే నువ్వు ఒక్కదానివీ ప్రయాణం చెయ్యలేవని సీరియస్ అని ఇప్పించాం, అన్నాడు పెదనాన్న సీతారామయ్య. మంచితనంతోనే చేశారు. అందరూ మంచితనంతోనే చేస్తారు. తను నదికి మొక్కేసరికే అమ్మ బూడిదయిపోయింది. షి హ్యాడ్ డైడ్ బిఫోర్ ఐ ప్రేడ్. రైల్లో అంతసేపూ ఏడవాల్సిన ఏడుపు ఏడవనివ్వలేదు, బతికున్న మనిషికోసం పడే ఆరాటం పడనిచ్చారు, ఆ ఆరాటాన్ని ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలి? ముందేది, వెనకేది తారుమారైతే ఏమవుతుంది. మార్కు పోతుంది అంది తను ఆ పిల్లతో. అమ్మ పోయిన తర్వాత అన్నదే ఆ మాట, ముందు కూడా కాదు. తెలిసుండి అంది.

"ఎండలో తిరుగుతున్నావేమిటమ్మాయ్? జీపులో కూర్చోకపోయావా?"

చలపతిరావు గారు. తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు. ఊళ్ళో శ్రీనివాసరావు తండ్రికి స్నేహితుడు. శ్రీనివాసరావుకి ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి తామిద్దరూ ఈ ఊరు వచ్చినప్పుడు, ఆంధ్రావాళ్ళకి ఇల్లివ్వం అని వీధి వీధంతా అన్న ఆ రోజుల్లో, దగ్గరుండి ఇల్లు చూపించినవాడు. ఆవకాయ జాడీ పంపించే పద్మావతి పిన్నిగారి భర్త. చెడ్డవాడు అనుకోవడానికి ఆయనలో ఎక్కడ పట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

"చాలా బాగా చెప్పావమ్మా. సూటిగా. ఆ మద్రాసాయన నాతోనే అన్నాడు, మంచి ఇంగ్లీషని."

"బాబాయి గారూ, ఒక మాట తప్పు చెప్పాననిపిస్తోందండి."

"ఏ మాట?"

"ఊదంగ ఊదంగ అందండి ఆవిడ. నేను ఊదినప్పుడు అని చెప్పేశాను."

ఆయన నవ్వారు. నవ్వు సగంలో ఆగి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. "ఊదడమంటే ఊదడమే కదమ్మా. ఏడ్చే మనిషి ఏదో అంటుంది, ఆ ముక్కలన్నీ పట్టుకుంటామా? పైగా ఆవిడకే మేలు ఇది. మొగుడి తప్పు లేదని తేలుతుంది. ఇప్పుడు లేచి మార్చావనుకో, పంతులమ్మకే ఇంగ్లీషు రాదంటారు. నీకెందుకమ్మా అది?" ఒక్క క్షణం ఆగి, మెల్లిగా, "ఇక్కడ మనవాళ్ళం ఉన్నదే పిడికెడు," అని వెళ్ళిపోయారు.

పంతులమ్మకే ఇంగ్లీషు రాదు. అదీ నిజమే, అంటారు. స్కూల్లో హెడ్‌మాస్టరు రామ్మోహనరావు గారు అంటారు, శ్రీనివాసరావు ఫ్యాక్టరీ స్నేహితుల భార్యలు అంటారు. శ్రీనివాసరావు ఏమంటాడు? ఏమీ అనడు. కాసేపు కిటికీలోంచి బయటకు చూసి, పోనీలే, అంటాడు, ఆ పోనీలే రాత్రంతా గదిలో తిరుగుతుంది. ఆవిడకే మేలు. ఆ మాట ముల్లులా దిగింది. రుక్కమ్మకు ఏది మేలో చలపతిరావు గారికి తెలుసు, తనకు ఏది మేలో పెదనాన్నకి తెలిసినట్టు. రుక్కమ్మని ఎవరడిగారు? కాళ్ళు అప్పటికే షెడ్డు అవతలి పక్కకు నడుస్తున్నాయి. కంకర కుప్ప నీడలో రుక్కమ్మ కూర్చుని ఉంది, ఒళ్ళో చేతులు, ఆ చేతుల గోళ్ళ సందుల్లో రాతి పొడి ఇంకా తెల్లగా. తనని చూసి లేవబోయింది. వద్దని తనే పక్కన కూర్చుంది. చీరకి దుమ్ము అంటుతుంది. అంటనీ.

"రుక్కమ్మా, పోచయ్య ఎంతసేపు ఊదాడు?"

ఆమె వీరలక్ష్మి ముఖంలోకి చూసింది. "నేను చెప్పిందే చెప్పినవ్ గద పంతులమ్మా?"

ఆ ప్రశ్నలో అనుమానం లేదు. అనుమానం ఉంటే బాగుండేది, తిట్టినా బాగుండేది. "లేదు," అంది వీరలక్ష్మి. "సరిగ్గా చెప్పలేదు. నువ్వు చెప్పినదానికి అడ్డంగా చెప్పాను. పోచయ్య ముట్టించాక ఊదాడని అర్థం వచ్చేట్టు."

రుక్కమ్మ తల తిప్పింది. దూరంగా బండ మీద పోచయ్య వీపు కనిపిస్తోంది. తర్వాత, ఎవరో లోపలినుంచి లాగుతున్నట్టు, మాటలు వచ్చాయి. "మా ఆయినకు ఇనరాదమ్మా. పేలుళ్ళ కాడ ఉండి ఉండి చెవులు పోయినయ్. చెప్తే పనిల నుంచి తీసేస్తరని ఎవ్వరికి చెప్పలే. కంకర కొట్టేటోళ్ళకు ఎర్కే, షావుకారుకు ఎర్క లేదు. పోచయ్య ఈల ఊదితే నేనే పైకి పోయి, భుజం మీద చెయ్యేసి, తోల్కొచ్చేదాన్ని. రోజు గదే. ఆ దినం లారీ నింపాలె పో అని నన్ను కిందికి తోలిండ్రు. గా సంగతి పోచయ్యకు ఎర్క లేదు. నేను పైకి పోయిననే అనుకున్నడు. ఈల ఊదిండు, అందరు దిగిన్రు, ముట్టిచ్చిండు. ముట్టిచ్చినంక సూసిండు, మా ఆయిన ఆడ్నే ఉన్నడు, వంగి బొక్క కొడ్తున్నడు. తప్పుకోవాల్సినోడు తప్పుకోలే, పైకి ఉరికిండమ్మా. ఊదుకుంట ఉరికిండు. నేను కిందికెల్లి ఒర్లుకుంట ఉరికిన. ఎప్పుడు పేలేదాంక మస్తు టైము ఉంటుండె, ఆ దినం ఒత్తి పొట్టిగిచ్చిండ్రట. ఊదంగ ఊదంగ..."

అక్కడ ఆగింది. ఆ మాట తర్వాత ఏముందో ఇద్దరికీ తెలుసు.

"గిదంత చెప్పాల్నా? చెప్తే నేనే సంపిన్నంటరు. నేను పోవాల్సిందుండె. నేను పోలే."

నువ్వు పోలేదు కాదు, నిన్ను పోనివ్వలేదు, షి హ్యాడ్ బీన్ సెంట్ అవే, ఆ హ్యాడ్ బీన్‌లో పంపినవాడు ఎక్కడో దాక్కుని ఉంటాడు, అయినా పంపబడింది కదా, తనంతట తను పోలేదు కదా! కాని ఇదంతా ఈమెకి ఏ భాషలో చెప్పాలి? "నా తప్పు నేను దిద్దుకుంటాను," అంది. "మిగతాది చెప్పాలా వద్దా నీ ఇష్టం. నేను బలవంతం చెయ్యను." లేచింది. షెడ్డు లోపల గిన్నెలు సర్దుతున్న చప్పుడు.

అందరూ లోపలికి వచ్చి కూర్చున్నారు. పెరుగన్నం వాసన, కార్బన్ కాగితాల వాసన. గుమాస్తా టైపు చేసిన కాగితాలు అధికారి ముందు పెట్టాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదవబోయాడు. ఇప్పుడే. ఇప్పుడు కాకపోతే ఆ వాక్యం చదివేస్తాడు, చదివేశాక వేలిముద్ర, ఆఫ్టర్ దట్ ఏమీ ఉండదు. లేచి నిలబడితే కుర్చీ కిందపడినంత చప్పుడు చేసింది. సర్, ఒక వాక్యం నేను తప్పుగా అనువదించాను, అని ఇంగ్లీషులో అంది. తన గొంతు తనకే క్లాసులో పాఠం అప్పజెప్పలేని పిల్ల గొంతులా వినపడింది. చలపతిరావు గారు ఆమె వైపు చూడలేదు, తువ్వాలు మడత పెట్టుకుంటున్నారు, విప్పి మళ్ళీ మడత పెట్టుకుంటున్నారు. అధికారి కలం కింద పెట్టాడు. ఏ వాక్యం? చెప్పింది. ఆయన ఆ వాక్యం వెతికి పట్టుకుని, దాని మీద వేలుంచి, ఈ విరామంలో మీరెవరితోనైనా మాట్లాడారా, అని అడిగాడు. అబద్ధం ఎంత దగ్గరగా ఉందో, చెయ్యి చాస్తే అందేంత.

"మాట్లాడాను సర్. కాంట్రాక్టరు గారితోనూ, సాక్షితోనూ. ఇద్దరితోనూ."

అధికారి ముందు చలపతిరావు గారి వైపు, తర్వాత ఆమె వైపు చూశాడు. ఆయన ముఖంలో కోపం ఉందో లేదో తెలియలేదు. అయితే ఆ వాక్యం మీ నోటినుంచి కాదు, ఆమె నోటినుంచి మళ్ళీ వింటాను, అన్నాడు. పొద్దున చిన్న వాక్యాలు అన్నది నేనే, ఇప్పుడు అక్కర్లేదు. ఆమె ఒక మాట మూడుసార్లు అంటే మీరూ మూడుసార్లు అనండి.

వీరలక్ష్మి తెలుగులోకి తిరిగింది. పేలుడు ఎప్పుడు జరిగింది రుక్కమ్మా, అని మొదటిసారి అడుగుతున్నట్టే అడిగింది. రుక్కమ్మ కొంగు నోటికి పెట్టుకోలేదు ఈసారి. లేచి నిలబడింది. "సారు, మా ఆయినకు చెవులు ఇనరావు," అని అక్కడ మొదలుపెట్టింది, ఎవరూ అడగని చోట. చలపతిరావు గారి తువ్వాలు ఆగిపోయింది. రోజూ నేనే పోతుంటి అన్నది, ఆ దినం పోలే అన్నది, ఎవరు లారీ కాడికి పొమ్మన్నరో తలుపు దగ్గర నిలబడ్డ ఆ మేస్త్రీ వైపు వేలు చూపించి మరీ అన్నది, చెప్తూ చెప్తూ గొంతు సన్నబడింది కాని ఆగలేదు. వీరలక్ష్మి వెనకే పరిగెత్తింది. ఏదీ కొట్టెయ్యలేదు. ఆఫ్టర్ ది అదర్స్ హ్యాడ్ కమ్ డౌన్. బిఫోర్ హి లిట్ ది ఫ్యూజ్. బికాజ్ షి హ్యాడ్ బీన్ సెంట్ టు ది లారీ. ఇంత చిన్న మాటలు, బిఫోర్, ఆఫ్టర్, టిల్, బికాజ్, మార్కుల కోసం ఖాళీల్లో నింపించే మాటలు, ఇప్పుడు ఒక్కొక్కటీ రెండు చేతులతో ఎత్తితే కాని లేవని బండల్లా ఉన్నాయి, ఒకటి ఒకచోట పెట్టాక దాన్ని మళ్ళీ కదపడానికి లేదు, ఒకటి పక్కకు జరిగితే ఒక మనిషి దాని కింద ఉంటాడు. పోచయ్య పైకి ఉరికాడన్న దగ్గర గుమాస్తా టైపు చెయ్యడం మరిచిపోయి వింటున్నాడు, అధికారి బల్ల మీద తట్టాడు. ఊదంగ, ఊదంగ, ఊదంగ. హి హ్యాడ్ బీన్ బ్లోయింగ్, అండ్ బ్లోయింగ్, అండ్ బ్లోయింగ్. అధికారి దిద్దలేదు. ఎంతసేపు, అని మాత్రం అడిగాడు. రుక్కమ్మకు గడియారం తెలియదు. "నేను తల మీద గంప దించిన, కొంగు నడుముకు చెక్కిన, లారీ సుట్టు తిరిగొచ్చిన, సగం గుట్ట ఎక్కిన. గంతసేపు ఊదిండు," అంది. అధికారి తలుపులోంచి బయటకు, లారీ నిలిచే చోటికీ గుట్టకీ నడుమనున్న మేరంతా చూశాడు. తర్వాత పోచయ్యను పిలిపించి, కట్టు కట్టిన ఆ చెయ్యి ఎందుకు కాలిందో అప్పుడు అడిగాడు. పోచయ్య చెప్పడానికి నోరు తెరిచి, రుక్కమ్మను చూసి, "అందుకుందామనుకున్న వదినె," అన్నాడు. అధికారికి కాదు, ఆమెకే. ఇంకొక్క అడుగు అన్నట్టు చెయ్యి చాపాడు, చాపి అలాగే ఉంచాడు. వీరలక్ష్మి అది కూడా ఇంగ్లీషులో చెప్పింది. చెప్పగలిగింది.

ఒత్తి పొట్టిగా ఇచ్చారని రుక్కమ్మ అన్నందుకు, మిగిలిన ఒత్తి చుట్ట తెప్పించి సంచిలో కట్టి సీలు వేయించాడు అధికారి. పోచయ్య మీద ఫిర్యాదు నిలవలేదనీ, ఒత్తి పొట్టిగా ఇచ్చినందుకు క్వారీని కొన్నాళ్ళు మూయించారనీ వానలు పడ్డాక కాని తెలియలేదు. అప్పటికి వీరలక్ష్మీ శ్రీనివాసరావూ లింగంపల్లిలోనే ఇంకో వీధికి మారారు, ఎవరూ పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. ఆ సాయంత్రం మాత్రం ఆమెకు అవేవీ తెలియవు. జీపు ఆమెను ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయిన చప్పుడు విన్నది, ఒంట్లో ఉడుకు ఇంకా తగ్గలేదు, చెప్పినదాంట్లో ఎక్కడైనా ఏదైనా జారిపోయిందా అని మనసు మళ్ళీ మొదటినుంచీ వెతుకుతూనే ఉంది. గుమాస్తా కొత్తగా టైపు చేసిన కాగితాలు బల్ల మీద పెట్టి, సిరా పెట్టె తెరిచాడు. వీరలక్ష్మి అంతా తెలుగులో చదివి చెప్పింది. రుక్కమ్మ తలాడించింది. బొటనవేలికి సిరా పూసుకుంది. వెయ్యబోయి ఆగింది.

"ఆయిన పేరేడుందమ్మా ఇందుల?"

వీరలక్ష్మి చూపించింది. ఇదిగో ఇక్కడ, ఇక్కడొకటి, కింద ఇంకొకటి. రుక్కమ్మ వంగి, సిరా ఉన్న వేలు అని మరిచిపోయి, మొదటి పేరు మీద వేలు పెట్టి నెమ్మదిగా అటూ ఇటూ రాసింది, గుడ్డి మనిషి ముఖం తడిమినట్టు. పేరంతా నల్లబడింది. అయ్యయ్యో అని గుమాస్తా కాగితం లాక్కోబోయాడు. ఉండనీ, అన్నాడు అధికారి.

"గింతేనా?" అంది రుక్కమ్మ. "ఏమని ఉన్నది?"

"రామన్న," చదివింది వీరలక్ష్మి.

"ఇంకోసారి చదువమ్మా."